దీపం వెలిగితే చాలదు

మా అక్కయ్య కొడుకు బట్టల కొట్టు పెడుతున్నాడు. "పిన్నీ, ప్రారంభానికి ముందు ఒకసారి వచ్చి చూడు" అంటే వెళ్ళాను. అద్దాల బీరువాలూ, తళతళలాడే దీపాలూ - చూడముచ్చటగా ఉంది. వైరింగు చేసిన కుర్రాడు కూడా అక్కడే ఉన్నాడు.

"ఏ.సీ. వేస్తే చాలు, ఎంసీబీ పడిపోయేదండీ. పది ఆంపియర్లది తీసేసి ముప్ఫైరెండుది పెట్టాను. ఇక పడదు" అన్నాడు సంతోషంగా. మావాడూ సంతోషించాడు. నాకు మాత్రం గుండె ఝల్లుమంది.

ఎందుకంటారా? ఎంసీబీ తీగెకు కాపలాదారు. తీగె మోయగలిగినదానికంటె ఎక్కువ కరెంటు పోతూంటే తనంతట తానే పడిపోతుంది. ఇక్కడ దీపాలకని వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్నతీగెకే ఏ.సీ. కూడా తగిలించారు. కరెంటు రెట్టింపయితే తీగెలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. తొడుగు కరిగిపోతున్నా ఆ ముప్ఫైరెండు ఆంపియర్ల కాపలాదారు కదలడు. పక్కనేమో నిండా చీరెలు!

ఇలాంటివి కనిపెట్టడానికి ఇంజనీరు కానక్కరలేదు. మీరేమీ విప్పకండి, ముట్టుకోకండి. మెయిను కట్టించి, పనివాడిచేత మూతలు తీయించి చూడండి.

ఆకుపచ్చ తీగె ఎర్తుకు మాత్రమే. దాన్ని దీపాల స్విచ్చికి వాడారంటే చేతికందింది వేశారన్నమాట. మూడు రంధ్రాల ప్లగ్గులో పైనున్న పెద్ద రంధ్రం ఎర్తుది. దానికి తీగె తగిలించకపోయినా ఫ్యాను తిరుగుతుంది, ఫ్రిజ్ చల్లబడుతుంది. అందుకే ఈ లోపం షాకు కొట్టేదాకా బయటపడదు. ఫాల్సు సీలింగు పైన తీగెల అతుకులు పెట్టెలో ఉండాలి గాని, టేపు చుట్టి వదిలేయకూడదు. షాకునుంచి కాపాడే ఆర్‌సీసీబీ ఉందా? దాని మీద పరీక్షకని చిన్న బొత్తాం ఉంటుంది. మెయిను వేసి ఉండగా నొక్కితే వెంటనే పడిపోవాలి. ఇక బోర్డు ముందు సరుకు పేర్చకూడదు. ఆపదలో చెయ్యి అందాలి గదా!

1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో జరిగిన ఘోరం గుర్తుందా? ఆ ఉదయమే కింది అంతస్తులోని ట్రాన్స్‌ఫార్మరు అంటుకొంది. మరమ్మతు చేశారు, కరెంటు వచ్చింది. సాయంకాలం ఆట నడుస్తూండగా అక్కడే మళ్ళీ నిప్పు లేచింది. పొగ పైన బాల్కనీకి ఎక్కింది. 59 మంది పోయారు. కరెంటు రావడం వేరు, పని సరిగా జరగడం వేరు.

కుర్రాడిని కోప్పడబోయి ఆగాను. "ఏ.సీ. సంగతి నీకు ముందే చెప్పారా?" అని అడిగాను.

"లేదండీ. పని అంతా అయ్యాక తెచ్చారు."

మావాడు తల వంచుకొన్నాడు. "ప్రారంభం నాలుగురోజుల్లో ఉంది, పిన్నీ. శుభలేఖలు కూడా పంచేశాం" అన్నాడు.

"ఏ.సీ. లేకుండానే ప్రారంభించు నాయనా. వచ్చినవాళ్ళకు విసనకర్రలు ఇద్దాం!" అన్నాను.

అలాగే చేశాడు. పాత ఎంసీబీ తిరిగి పెట్టించాడు. తరువాత లైసెన్సు ఉన్న కాంట్రాక్టరును పిలిచి, ఏ.సీ.కి లావుతీగెతో వేరే లైను వేయించాడు. ఎర్తూ, తీగెల తొడుగూ కొలిచి సంతకం చేసిన టెస్టు రిపోర్టు చేతికి వచ్చాకే ఆఖరి వాయిదా డబ్బు ఇచ్చాడు.

మీ ఇంట ఎవరైనా కొట్టో, ఆఫీసో పెడుతుంటే ఆ కాగితం అడగడం మరచిపోకండి.