ముహూర్తానికి బయల్దేరిన ఓడ

"గో లైవ్ డేట్ మారదు" అని ఎవరైనా అంటే నాకు గుర్తొచ్చేది ఏ ప్రాజెక్టూ కాదు, ఒక ఓడ. క్వీన్ ఎలిజబెత్ 2. అందరూ క్యూఈ2 అంటారు. ఇప్పుడు దుబాయ్‌లో హోటల్‌గా ఉంది, అక్కడున్న మనవాళ్ళు చాలామంది చూసే ఉంటారు.

1994 చివర్లో ఈ ఓడని హాంబర్గ్‌లో బ్లోమ్ అండ్ ఫాస్ యార్డుకి రిపేర్లకి పంపారు. దాదాపు 3 కోట్ల పౌండ్ల పని. గదుల్లో బాత్రూములతో సహా కొత్తవి పెట్టాలి. డిసెంబర్ 17న సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి క్రిస్మస్ ప్రయాణం, టికెట్లు ఎప్పుడో అమ్మేశారు. డేట్ వచ్చేసింది, పని అవ్వలేదు. ఏం చేశారయ్యా అంటే, గదులు సిద్ధంగా లేవని కొన్ని వందల మందిని వద్దన్నారు. మిగతావాళ్ళని ఎక్కించుకుని, వాళ్ళతో పాటు ప్లంబర్లనీ వడ్రంగులనీ కూడా ఎక్కించుకుని బయల్దేరిపోయారు!

మనకి ఇదేం కొత్త కాదు లెండి. ముహూర్తం దాటిపోతుందని గోడలు ఆరకుండానే పాలు పొంగించేసి గృహప్రవేశం అయిందనిపిస్తాం. కాకపోతే ఆ రాత్రి అక్కడ పడుకుని పొద్దున్నే అద్దింటికి వచ్చేస్తాం. నడిసముద్రంలో ఆ సౌకర్యం లేదు. టాయిలెట్ పనిచెయ్యకపోతే పక్కింటికి వెళ్ళలేరు. మన భాషలో చెప్పాలంటే, రోల్‌బ్యాక్ లేని రిలీజ్ అన్నమాట.

న్యూయార్క్ చేరాక అమెరికా కోస్ట్ గార్డ్ వాళ్ళు చూసి, అగ్నిప్రమాద భద్రత లోపాలు సరిచేస్తే గానీ కదలనివ్వమన్నారు. ప్రయాణికులు కోర్టుకెక్కారు. చివరికి కంపెనీ సుమారు 75 లక్షల పౌండ్ల పరిహారం ఇచ్చుకుందని పత్రికలు రాశాయి.

తమాషా ఏమిటంటే, ఇదే ఓడ, ఇదే క్యూనార్డ్ కంపెనీ, పాతికేళ్ళ ముందు వేరే కథ. 1968 డిసెంబర్‌లో ట్రయల్స్‌లో టర్బైన్లు మొరాయించాయి. లోపల పనులు కూడా పూర్తవ్వలేదు. అప్పుడు క్యూనార్డ్ ఛైర్మన్ సర్ బేసిల్ స్మాల్‌పీస్ ఓడని తీసుకోనని ఖరాఖండిగా చెప్పేశాడు. జనవరిలో మొదలవ్వాల్సిన తొలి ప్రయాణం 1969 మే 2 దాకా ఆగింది. అంటే, సరుకు తను కొనేటప్పుడు "పూర్తయితేనే తీసుకుంటా" అన్న కంపెనీయే, తను అమ్మేటప్పుడు "సర్దుకోండి" అంది. నాకు మంట ఇక్కడే.

కంపెనీల ఇబ్బంది నాకు తెలియక కాదు. ప్రయాణికుల ఓడని మామూలుగా ఐదేళ్ళలో రెండుసార్లు నీళ్ళలోంచి పైకి తీసి అడుగు పరీక్ష చెయ్యాలి. ఎలాగూ ఆపుతున్నాం కదా అని కార్పెట్లూ, హోటళ్ళూ, బాత్రూములూ అన్నీ ఆ కొద్ది రోజుల్లోనే ఇరికిస్తారు. పాత ఓడ గోడ విప్పితే లోపల ఏముంటుందో విప్పినవాడికే తెలుస్తుంది, పదేళ్ళ నాటి కోడ్ తెరిచినట్టు. డాక్‌లో తర్వాతి ఓడ వంతు రాసిపెట్టి ఉంటుంది. ప్రయాణం రద్దు చేసినా తిట్లే, విమానం టికెట్లు కొనుక్కున్నవాళ్ళు ఊరుకోరు కదా. కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదంటారే, టికెట్లు అమ్మేసిన ఓడ కూడా అంతే.

అయినా సరే, ముందే చెప్పడానికి ఏం అడ్డం? 2018 మార్చిలో నార్వేజియన్ సన్ అనే ఓడ మయామీ నుంచి పనామా కాలువ మీదుగా లాస్ ఏంజెలెస్‌కి 16 రోజుల ప్రయాణం పెట్టుకుంది. దారి పొడుగునా రిపేర్లే. దుమ్ము, రంగుల వాసన, మూసేసిన డెక్కులు. జనం గుంపులుగా చేరి డబ్బు తిరిగిమ్మని అరిచారు. మొదట కంపెనీ మరో ప్రయాణంలో వాడుకోమని 25 శాతం క్రెడిట్ ఇస్తానంది. గొడవ మీడియాకెక్కాక అదే క్రెడిట్ నూరు శాతమైంది. నూరు శాతం ఇవ్వగలిగినవాళ్ళు, ఎక్కకముందు ఒక్క ఉత్తరం ముక్క రాయలేకపోయారా?

జనం సుత్తి చప్పుడుకి అంత కోపం తెచ్చుకోరని నా అభిప్రాయం. తెలిసి కూడా చెప్పలేదన్నదే వాళ్ళకి కోపం. పైగా ఆ కోపమంతా ఎవరి మీద పడుతుంది? డేట్ ఫిక్స్ చేసినవాడి మీద కాదు. రిసెప్షన్‌లో నిలబడ్డ కుర్రాడి మీద, గది ఊడ్చే మనిషి మీద. రాత్రి షిఫ్టులో సపోర్ట్ కాల్స్ ఎత్తినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు :)

నేను కోరేది రెండే. పని మిగిలితే ఏమేం మిగిలిందో ప్రయాణికుడికి ముందే చెప్పి, వద్దనుకుంటే పూర్తి డబ్బు తిరిగివ్వాలి. రెండోది, "ఇది సిద్ధంగా లేదు" అనే అధికారం డేట్‌తో సంబంధం లేని మనిషి చేతిలో ఉండాలి. 1994లో ఆ పని కోస్ట్ గార్డ్ చేసింది, అదీ అట్లాంటిక్ దాటేశాక! రేవులో ఉండగానే ఆ మాట అనగలిగినవాడు ఒక్కడుంటే ఎంత బావుండేది. మన ఆఫీసుల్లో అలా అనగలిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారంటారు?