ఓటీపీ బొంబాయిలో, జ్వరం గద్వాలలో

డిగ్రీ చదివే పిల్లవాడికి జ్వరం వస్తే ఏమవుతుంది? హైదరాబాదులో అయితే నాలుగు రోజులు మంచం మీద ఉంటాడు. నోట్సు ఎవరో వాట్సాప్‌లో పెడతారు, ఫీజు పడుకునే కట్టేస్తాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో లెక్క వేరు. ఇక్కడ జ్వరం తినేది నాలుగు రోజులే, ఆ నాలుగు రోజుల్లో దాటిపోయిన ఆన్‌లైన్ గడువు మాత్రం ఏడాదిని మింగుతుంది.

అడ్మిషన్ నుంచే మొదలుపెడదాం. 2016 నుంచి డిగ్రీ సీట్లు చాలావరకు ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ ప్రవేశాల సైటు ద్వారానే. ఉద్దేశం మంచిదే, కాదనను. కాలేజీల చుట్టూ తిరిగే బాధ తప్పింది. కానీ ఆ సైటు తలుపు నేరుగా తెరవాలంటే ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు కావాలి. మన పల్లెల్లో ఆధార్ తీసుకున్ననాడు ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది నాయినది. ఆ నాయిన ఇప్పుడు బొంబాయిలో స్లాబు పని మీద ఉంటాడు. పాలమూరు వలసల సంగతి కొత్తగా చెప్పేదేముంది! ఇక్కడ నెట్ సెంటర్లో కొడుకు ఆధార్ నంబరు కొడితే, ఓటీపీ అక్కడ గుడిసెలో చార్జింగుకు పెట్టిన ఫోనుకు పోతుంది. ఆయన మధ్యాహ్నం బువ్వకు దిగివచ్చి చూసేసరికి దాని ఆయుష్షు తీరిపోతుంది.

గద్వాల బస్టాండు దగ్గరి ఏ నెట్ సెంటర్ ముందు నిలబడినా ఈ మాటలు వినబడతాయి.

“అన్నా, జర జల్ది చెయ్యవే, ఇయ్యాలే లాస్ట్ డేట్.”

“నేనేం జెయ్యాలె తమ్మీ, సైటే తిరుగుతుంది. పొద్దుగూకినంక రా, అప్పుడైతే జర ఖాళీ ఉంటది.”

పొద్దుగూకినాక వస్తే ఊరికి ఆఖరి బస్సు పోతుంది. స్కాలర్‌షిప్ దగ్గర ఇంకో మెలిక. కొత్తగా ఈపాస్‌లో దరఖాస్తు పెట్టేవాళ్లు మీసేవలో వేలిముద్ర వేయాలి. జ్వరంతో పడుకున్న పిల్ల తరఫున అన్నను పంపవచ్చు, సర్టిఫికెట్ల జిరాక్సులు పంపవచ్చు. వేలు పంపలేం కదా.

ఆ వేలి సంగతి కూడా చెప్పాలి. గద్వాల ప్రాంతం సీడ్ పత్తికి పేరు. వానాకాలంలో పత్తి పూతకు వచ్చిందంటే క్రాసింగ్ పని పడుతుంది. పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి. అయిజ, మల్దకల్ వైపు ఎన్నో ఇళ్లలో డిగ్రీ చదివే ఆడపిల్ల కూడా ఆ రోజుల్లో చేలోనే ఉంటుంది. కొసలు అరిగి, పసరు పట్టిన వేళ్లను మిషన్ ఒక్కోసారి గుర్తుపట్టదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత యాభై శాతానికి కూడా చేరలేదు, రాష్ట్రంలో అన్నిటికన్నా తక్కువ. అలాంటి చోట కాలేజీ గడప తొక్కిన పిల్లను మిషన్ దగ్గర నిలబెట్టి ‘నువ్వు నువ్వేనా’ అని అడుగుతున్నాం.

క్రాసింగ్ నెలలూ దోమల నెలలూ ఒకటే. డెంగీ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. భయపడాల్సింది ఒళ్లు కాలిపోతున్నప్పుడు కాదు, జ్వరం దిగినప్పుడు. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం తగ్గుతున్న వేళే రక్తనాళాల నుంచి ద్రవం కారడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం జరుగుతాయి. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, లేవలేనంత నీరసం కనబడితే వెంటనే ఆసుపత్రికి పోవాలి. మన పిల్లలు సరిగ్గా ఆ రోజే కాలేజీ బస్సెక్కుతారు. “జొరం తగ్గిందమ్మా, పోతా, అటెండెన్స్ పోతది” అంటూ. ఒళ్లు నొప్పులని దారిలో మెడికల్ షాపులో ఏదో గోళీ అడిగి వేసుకుంటారు. పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి ఈ జ్వరంలో ముట్టకూడదని వాళ్లకు చెప్పేదెవరు? హాజరు శాతం ఒక పిల్లను ప్రమాదకరమైన రోజున మంచం మీంచి లేపుతోంది. నాకు కోపం తెప్పించేది అదే.

హాజరు నియమమే వద్దని నేననడం లేదు. వనపర్తిలో ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధననే చూడండి. 75 శాతం ఉండాలి. ఆరోగ్య కారణాలుంటే 65 వరకు మన్నిస్తారు, దానికి మెడికల్ సర్టిఫికెట్ కావాలి, పైన రుసుము. వినడానికి బాగానే ఉంది. కానీ ఊళ్లో పిల్లకు వైద్యం చేసింది ఆర్‌ఎంపీ. ఒక సూది, ఒక సెలైన్, ఒకసారి చేసిన వైడల్ పరీక్ష చూసి “టైఫాయిడే” అన్న మాట. ఆ ఒక్క పరీక్షను నమ్మి టైఫాయిడ్ తేల్చడం కుదరదని డాక్టర్లు ఎంతకాలంగానో చెబుతున్నారు. ఆర్‌ఎంపీ సర్టిఫికెట్ ఇవ్వలేడు, ఇచ్చినా చెల్లదు. దాంతో నయమయ్యాక పట్టణానికి వచ్చి, చెల్లే సంతకం ఎక్కడ దొరుకుతుందో వెతుక్కుంటారు. రోగం నిజం, సర్టిఫికెట్ అబద్ధం!

వనపర్తికీ నాగర్‌కర్నూల్‌కూ 2022లో, గద్వాలకు 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఒకప్పుడు కర్నూలుకో మహబూబ్‌నగర్‌కో పరుగెత్తిన జనానికి ఇది చిన్న మార్పు కాదు. ఆ ఆసుపత్రుల ఓపీ చీటీనే కాలేజీలు సర్టిఫికెట్‌గా తీసుకుంటే పిల్లలు మొదటి రోజే అక్కడికి పోతారు. హాస్టల్ పిల్లల సంగతి ఇంకోటి. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 ఉన్న డైట్ చార్జీలను 2024లో 2,100 చేశారు, అంటే రోజుకు 70 రూపాయలు. సంతోషం. జ్వరమొచ్చిన పిల్లకు ఇంత జావ కాచిపెట్టే పని మాత్రం ఎవరి డ్యూటీలోనూ లేదు. అందుకే జ్వరమంటే ఇంటికే. నాగర్‌కర్నూల్ పిల్లది మన్ననూరు అవతల అడవిలోని ఊరైతే, అక్కడ ఫోన్ సిగ్నల్ కూడా పోతుంది. ఫీజు గడువు పొడిగించారని గ్రూపులో మెసేజ్ వచ్చినా ఆమెకు అందేది గడువు ముగిశాకే.

ఇక కంప్యూటర్. మన జిల్లాల్లో బీకాం కంప్యూటర్స్‌కు గిరాకీ బాగా ఉంది. ఆ కోర్సు పూర్తి చేసినవాళ్లలో సొంత కంప్యూటర్ లేనివాళ్లు ఎందరో. సీ ప్రోగ్రాం ఫోన్‌లో బొటనవేలితో కొడతారు. కాలేజీ ల్యాబుల్లో ఉన్నవి పాత మిషన్లు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. కొత్త విండోస్ 11 ఎక్కాలంటే లోపల ఫలానా భద్రతా చిప్ ఉండాలంటుంది, పాత మిషన్లు చాలావాటిలో అది లేదు. ఇంతకూ ల్యాబు తెరిచి ఉంటేగా! వనపర్తి రాజప్రాసాదంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది, గద్వాలలో కోట లోపల మహారాణి పేరున డిగ్రీ కాలేజీ ఉంది. సంస్థానాలు కోటలే వదిలిపెట్టాయి. మనం సాయంత్రం పూట ల్యాబు తాళం వదలలేకపోతున్నాం.

ల్యాబు మూసి ఉంటే నెట్ సెంటరే దిక్కు. అక్కడి మిషన్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి తీసేసరికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కూర్చుంటాయి. ప్రాజెక్టు రిపోర్టు పోయిందని పిల్లలు ఏడ్చేస్తారు, పక్కవాడి మాట విని ఫార్మాట్ కొట్టేస్తారు. నిజానికి ఫైళ్లు చాలాసార్లు ఎక్కడికీ పోవు. ఆ వైరస్ వాటిని దాచేస్తుందంతే. వైరస్ లేని మిషన్‌లో పెట్టి, అట్రిబ్ అనే కమాండ్ ఒక్కటి కొడితే మళ్లీ బయటికొస్తాయి. మూడేళ్ల కోర్సులో ఈ ఒక్క గంట పాఠం పెట్టవచ్చు.

ఎంఏ తెలుగు వాళ్లది మరీ విడ్డూరమైన అవస్థ. రిపోర్టు డీటీపీ సెంటర్లో అను ఫాంటులో కొట్టిస్తారు. ఇంటికొచ్చి ఫోన్‌లో తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ ఉండదు, అన్నీ పిచ్చి గుర్తులు. గైడు రెండు వాక్యాలు మార్చమంటే మళ్లీ అదే సెంటరుకు పోవాలి, మళ్లీ పేజీకింత అని కట్టాలి. ఏ ఫోన్‌లోనైనా కనబడే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. తెలుగు శాఖలే దాన్ని తప్పనిసరి చేయకపోతే ఇంకెవరు చేస్తారు?

పిల్లలందరికీ ల్యాప్‌టాప్‌లు పంచితే సరిపోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఓటీపీ రాకపోవడానికి, జ్వరం రావడానికి ల్యాప్‌టాప్ మందు కాదు. కావలసింది గడువు దగ్గర కాస్త పట్టువిడుపు. కరోనా ఏడాది గుర్తుంది కదా? చివరి ఏడాది పరీక్షలు జరపాల్సిందేనని 2020 ఆగస్టు 28న చెప్పిన సుప్రీంకోర్టే, రాష్ట్రాలు యూజీసీని అడిగి తేదీలు వాయిదా వేసుకోవచ్చని కూడా అన్నది. ఊరందరికీ రోగమొస్తే కదిలిన తేదీ ఒక్కరికి వస్తే కదలదు. ఇటు సర్కారు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయి, ప్రైవేటు కాలేజీలు 2025 నవంబరులో బంద్ దాకా పోయాయి. ఆ ఆలస్యానికి అపరాధ రుసుము ఎవరూ కట్టలేదు. పిల్లవాడు మాత్రం పరీక్ష ఫీజు ఒక్క రోజు ఆలస్యమైతే కడతాడు.

మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీకి గద్వాల, వనపర్తి, కొల్లాపూర్లలో పీజీ సెంటర్లున్నాయి, కింద డిగ్రీ కాలేజీలున్నాయి. వచ్చే పరీక్ష ఫీజు నోటిఫికేషన్‌లో ఒక వాక్యం పెట్టమనండి. ప్రభుత్వ ఆసుపత్రి చీటీ చూపినవారి దరఖాస్తును కాలేజీ కాగితం మీదే తీసుకుంటుంది, అపరాధ రుసుము లేదు, ఆన్‌లైన్ నమోదు కాలేజీయే చేసుకుంటుంది అని. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, కొత్త సర్వర్ అంతకన్నా అక్కర్లేదు.