క్యాష్ క్లియర్ చేస్తే పోయేది కాదిది

తెలుగు వెబ్ పత్రికలకి రాసేవాళ్ళకి మూడు జవాబులు బాగా పరిచయం. “నేను పంపిన ఫైల్లో ఒకటుంది, మీ సైట్లో ఇంకొకటుంది” అని ఉత్తరం రాసి చూడండి, మూడింటిలో ఏదో ఒకటి వస్తుంది. ఒకటి: “మా దగ్గర బాగానే కనిపిస్తోందండీ.” రెండు: “క్యాష్ క్లియర్ చేసి చూడండి.” మూడు: “ఫాంట్ ప్రాబ్లమ్ అయ్యుంటుంది.” మూడూ మర్యాదగానే ఉంటాయి. మూడింటి అర్థమూ ఒకటే: ఇది మీ గొడవ, మాది కాదు.

నా పేచీ ఈ మూడు జవాబులతోనే. రచయిత కంప్యూటర్లో ఉన్నదానికీ సర్వర్ మీద ఉన్నదానికీ తేడా రావడాన్ని మనవాళ్ళు కుళాయి రిపేరు లాంటి పని అనుకుంటున్నారు. టెక్నికల్ విషయాలు తెలిసిన కుర్రాడెవడో వచ్చి నాలుగు తిప్పులు తిప్పితే సరిపోతుందని. కాదు. అది పాఠభేదం. తాటాకు ప్రతుల విషయంలో ఆ మాటకి ఎంత బరువుందో ఇక్కడా అంతే ఉంది. ఇవాళ తెలుగులో వస్తున్న కథల్లో, కవితల్లో, వ్యాసాల్లో చాలావాటికి కాగితం ప్రతి అంటూ లేదు. సర్వర్లో ఏముందో అదే పుస్తకం, అదే రాతప్రతి, అదే సాక్ష్యం. ఆ సాక్ష్యం ఎప్పుడు మారిందో, ఎవరు మార్చారో చెప్పలేని పత్రిక ఎంత గొప్ప రచనలు వేసినా సంపాదకత్వంలో సగం పని చేయనట్టే.

క్యాష్ అబద్ధమని నేననడం లేదు. బ్రౌజర్ ఒకసారి తెచ్చుకున్న పేజీని దాచుకుని, మళ్ళీ అడిగితే ఆ పాతదే చూపించడం నిజంగా జరుగుతుంది. సైటుకీ పాఠకుడికీ మధ్య వేరే సర్వర్లుంటే అవీ తలా ఒక కాపీ పెట్టుకుంటాయి. వర్డ్‌ప్రెస్‌లో వేగం కోసం తగిలించుకున్న ప్లగిన్ ఇంకో కాపీ చేస్తుంది. కాబట్టి ఇక్కడ ప్రతులు రెండు కాదు, కనీసం మూడు: రచయిత దగ్గరున్నది, సర్వర్లో ఉన్నది, పాఠకుడి కంటికి కనిపిస్తున్నది. తేడా ఏ రెండింటి మధ్య ఉందో ముందు తేల్చాలి. సర్వర్లో కొత్తదే ఉండి కంటికి పాతది కనిపిస్తుంటే అది క్యాష్; క్లియర్ చేస్తే పోతుంది, చెయ్యకపోయినా గడువు తీరాక పోతుంది. సర్వర్లోనే వేరేది ఉంటే మాత్రం ప్రపంచంలోని క్యాష్‌లన్నీ క్లియర్ చేసినా కనిపించేది ఆ వేరేదే.

ఇది తేల్చడం కష్టమేమీ కాదు. బ్రౌజర్ని పక్కన పెట్టి సర్వర్లోంచి ఆ ఫైలుని నేరుగా దించుకోవాలి. వర్డ్‌ప్రెస్ అయితే పేజీని కాదు, డేటాబేస్‌లో ఉన్న పాఠాన్ని తీసుకోవాలి. రచయిత పంపినదాన్నీ దీన్నీ ఉత్త టెక్స్ట్‌గా మార్చి, రెండింటినీ డిఫ్‌కి ఇవ్వాలి. డిఫ్ 1970లలో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ కోసం రాసిన ప్రోగ్రాము. ఏ వరుసలో ఏం మారిందో చెబుతుంది. ఎవరి దగ్గరా మొహమాటపడదు. పదినిమిషాల పని. ఈ పదినిమిషాలు పెట్టకుండా రచయితని క్యాష్ దగ్గరికి తోలెయ్యడం సాంకేతిక సలహా అనిపించుకోదు.

పైగా తెలుగుకి ఈ పని ఇంగ్లీషు కన్నా ఎక్కువ అవసరం. మనకి కంటికి ఆనని తేడాలు ఎక్కువ.

ఐత్వం సంగతే తీసుకోండి. యూనికోడ్‌లో ‘చై’లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయచ్చు, ఎత్వం, దాని కింద ఐ గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయచ్చు. తెర మీద రెండూ ఒకటే ‘చై’. మాక్ కంప్యూటర్లలో 2017 ముందు వాడిన ఫైల్ సిస్టం, ఫైలు పేర్లలో ఇలాంటివాటిని విడగొట్టి దాచేది. అలాంటి కంప్యూటర్లో ‘చైత్రం’ అని పేరు పెట్టిన ముఖచిత్రాన్ని లినక్స్ సర్వర్‌కి ఎక్కించారనుకోండి. పేజీలో ఉన్న లింకు కలిసి ఉన్న ఐత్వంతో ‘చైత్రం’ని అడుగుతుంది, సర్వర్లో ఉన్నది విడిపోయిన ‘చైత్రం’. లినక్స్ లెక్కలో అవి రెండు వేరు పేర్లు. ఫైలు లేదంటుంది. సంపాదకుడు ఫోల్డర్ తెరిచి చూస్తే ఫైలు ఎదురుగానే ఉంటుంది. ఇంకా వేడుక, ఒకే ఫోల్డర్లో ఒకేలా కనిపించే రెండు ‘చైత్రం’లు పక్కపక్కన ఉండగలవు, ఒకటి పాత బొమ్మ, ఒకటి కొత్త బొమ్మ. ఇంగ్లీషు పేర్లు పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుందనుకుంటారా, అక్కడ పెద్దబడి, చిన్నబడి అక్షరాల తకరారు ఉంది. విండోస్ ఆ తేడాని మామూలుగా పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. ఇంట్లో పనిచేసిన లింకు సర్వర్ మీద చచ్చిపోతుంది.

రెండోది, కనిపించని అక్షరం. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట్ తరవాత వకారం ఒత్తుగా కిందకి దిగిపోకుండా ఆపేది ఒక అదృశ్య సంకేతం. దానికి రూపం లేదు, వెడల్పు లేదు, కానీ ఫైల్లో మూడు బైట్లు ఉంటుంది. ‘చెత్త అక్షరాలు’ ఏరిపారేసే ప్రోగ్రాములు కొన్ని దీన్నీ ఏరిపారేస్తాయి. అప్పుడు టకారం కింద వత్తు వేలాడుతూ ‘సాఫ్ట్వేర్’ వస్తుంది. రచయితకి తెలుగు టైపింగ్ రాదని పాఠకులు నవ్వుకుంటారు.

మూడోది అందరూ చూసిందే. తెలుగంతా పోయి, నెత్తిన గీతలున్న ‘ఎ’లు, వాటి పక్కన డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్ గుర్తులు వరసగా వస్తాయి. దీనికే ‘ఫాంట్ ప్రాబ్లమ్’ అని పేరు పెట్టారు. ఫాంటుకి దీంతో ఏ సంబంధమూ లేదు. ప్రతి తెలుగు అక్షరానికీ ఉండే మూడు బైట్లని ఎక్కడో ఒక ప్రోగ్రాము మూడు లాటిన్ అక్షరాలుగా చదివింది, అంతే. ఒట్టి చూపించడంలో తప్పయితే పోయేదేం లేదు. అలా తప్పుగా చదివినదాన్నే ఎవరైనా మళ్ళీ సేవ్ చేశారా, సర్వర్లో ఉన్న ప్రతే పాడవుతుంది. ఫాంటు మార్చుకోమని సలహా ఇచ్చి కూర్చుంటే ఈ రెండింట్లో ఏది జరిగిందో ఎప్పటికీ తెలీదు.

ఇవన్నీ యంత్రాల తప్పులు. యంత్రాల తప్పులు ఒక పద్ధతిగా జరుగుతాయి కాబట్టి పద్ధతిగా దొరుకుతాయి. అసలు చిక్కు మనుషులతో.

ఒక చిన్న పత్రికవాళ్ళు సైటు ఒకసారి చూసిపెట్టమంటే చూశాను. ఫిర్యాదు ఒక కవితది. కవి ఫైల్లో ‘కల’, సైట్లో ‘కళ’. ఆ కవిత మీద ఒకాయన వ్యాసం రాశారు, అందులో సగం వాదన ‘కళ’ అన్న మాట మీదే నిలబడింది. కవి ‘నేనా మాట రాయలేదు’ అంటాడు. వ్యాసకర్త ‘సైట్లో ఉన్నదే చదివాను’ అంటారు. ఇద్దరిదీ న్యాయమే. సర్వర్లోని ప్రతిని దించి చూస్తే అక్కడా ‘కళ’ అనే ఉంది. క్యాష్ ప్రసక్తే లేదు. సైజు చూద్దామంటే, ‘కల’కీ ‘కళ’కీ ఆరేసి బైట్లు. సైజు చూసి పోల్చే ఎఫ్‌టీపీ ప్రోగ్రాములకి ఆ రెండు కవితలూ ఒకటే. ఆర్‌సింక్ లాంటి మంచి పనిముట్టు కూడా మామూలుగా సైజూ, చివరిసారి మార్చిన సమయమూ చూసి ఊరుకుంటుంది. లోపలున్నది చూసి పోల్చమని ప్రత్యేకంగా చెప్తే తప్ప చూడదు.

మరి ఎవరు మార్చారు? సైటుకి ఒకటే అడ్మిన్ అకౌంటు. పాస్‌వర్డ్ నలుగురి దగ్గరుంది. నలుగురూ అచ్చుతప్పులు కనపడగానే నేరుగా సర్వర్ మీదే దిద్దుతారు. హోస్టింగ్ కంపెనీ బ్యాకప్పులు వారం దాటితే ఉండవు. ఎవరో ఒకరు, మంచి మనసుతోనే, ‘కల’ని అచ్చుతప్పు అనుకుని దిద్ది ఉండచ్చు. లేదా కవే మొదట ‘కళ’ అని పంపి, తరవాత తన ఫైల్లో మార్చుకుని ఉండచ్చు. రచయిత దగ్గరున్నది కాబట్టి అదే అసలు అనుకోవడమూ తప్పే. ఇంట్లో ఫైలుని మార్చుకోకుండా ఎవరాపారు? దీన్ని తేల్చగలిగేది ఒక్కటే, మొదట ఈమెయిల్లో వచ్చిన ఫైలు. దాన్ని పత్రికవాళ్ళు ఉంచుకోలేదు. కవి పాత మెయిలు పోయింది. తేలలేదు. ఇంక తేలదు కూడా.

పత్రికలని నిలదీయాల్సింది ఇక్కడే. పుస్తకం రెండో ముద్రణ వేస్తే మొదటి ముద్రణ ఎక్కడికీ పోదు. గురజాడ కన్యాశుల్కాన్ని 1897లో అచ్చేశాడు. దాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్ళీ వేశాడు. అది ఆయన హక్కు. కానీ 1909 కూర్పు వెళ్ళి 1897 కూర్పుని చెరిపెయ్యలేదు. రెండూ ఉన్నాయి కాబట్టే ఆయన ఏం మార్చాడో, ఎందుకు మార్చి ఉంటాడో మనం ఇన్నేళ్ళుగా మాట్లాడుకోగలుగుతున్నాం. అదే నాటకం ఇవాళ్టి వెబ్ పత్రికలో వచ్చి ఉంటే? కొత్త ఫైలు పాత ఫైలు మీద పడి ఉండేది. తారీఖు మాత్రం 1897 అనే ఉండేది. సర్వర్ మీద అప్‌లోడ్ చెయ్యడమంటే పునర్ముద్రణ కాదు, ముందుదాన్ని తుడిచి రాయడం. ఈ తేడాని మన సంపాదకులు ఇంకా పట్టించుకోలేదు.

బ్రౌన్‌ని తలుచుకోని తెలుగువాడుండడు. ఆయన వేమన పద్యాలు 1829లో అచ్చు వేసేముందు చేసిన పనేమిటి? దొరికినన్ని ప్రతులు తెప్పించడం, పండితులకి జీతాలిచ్చి వాటిని పక్కపక్కన పెట్టి పోల్చించడం. ఇవాళ ఆ పోల్చే పని జీతం లేకుండా కంప్యూటరు చేసిపెడుతుంది. పోల్చడానికి రెండో ప్రతిని మాత్రం మనమే మిగల్చట్లేదు. లేఖకుల తప్పుల మధ్యలోంచి వేమన్ని తవ్వి తీసుకున్న జాతి, మొన్న వచ్చిన కవితలో ఒక అక్షరం ఎవరిదో చెప్పలేకపోవడం నాకు సిగ్గుగా ఉంది.

దీనికి వచ్చే సమాధానాలు నాకు తెలుసు. మొదటిది: “ఉద్యోగాలు చేసుకుంటూ, జేబులోంచి ఖర్చుపెట్టుకుంటూ పత్రిక నడుపుతున్నాం. ఈ చాదస్తం ఎవరు చెయ్యగలరు?” వాళ్ళ శ్రమ అంటే నాకు గౌరవమే. కానీ నేనడిగేది ఎక్కువ పని కాదు, తక్కువ పని. ప్రతి ఫిర్యాదుకీ నలుగురు కలిసి పాత మెయిళ్ళు వెతుక్కోవడం కన్నా, వచ్చిన ఫైలుని వచ్చినట్టు ఒక ఫోల్డర్లో పడెయ్యడం తేలిక. వర్డ్‌ప్రెస్ అయితే 2008 నుంచీ ప్రతి సవరణకీ ముందున్న ప్రతిని తనంతట తనే దాచిపెడుతోంది. డేటాబేస్ పెరిగిపోతోందని దాన్ని ఆపేసే సైట్లున్నాయి! ముందు దాన్ని ఆపకుండా ఉంటే చాలు.

రెండోది: “తప్పులు వెంటనే దిద్దుకోగలగడమే వెబ్ గొప్పతనం కదా.” అవును, దిద్దండి. దిద్దామని చెప్పండి. తెలుగు వికీపీడియాలో ఒక కామా మారినా ఎవరు, ఏ రోజు, ఏం మార్చారో చరిత్ర పేజీలో ఎవరైనా చూసుకోవచ్చు. జీతం లేని ఔత్సాహికులు నడిపే చోట ఇది జరుగుతున్నప్పుడు, సాహిత్యాన్ని నెత్తిన పెట్టుకున్నామనే చోట ఎందుకు జరగదు? విదేశాల్లో ఎవరో వేబ్యాక్ మెషీన్ నడుపుతున్నారు కదా అన్న ధీమా కూడా పనికిరాదు. అది వీలున్నప్పుడు వచ్చి ఫోటో తీసుకుపోతుంది. మీ కవిత మారిన రోజునే వస్తుందన్న హామీ లేదు.

కావలసినవి నాలుగే నాలుగు కట్టుబాట్లు. రచయిత పంపిన ఫైలుని ముట్టుకోకుండా భద్రం చెయ్యడం. సర్వర్ మీద నేరుగా ఎవరూ దిద్దకపోవడం. దిద్దితే మూలంలో దిద్ది, అక్కడినుంచి సర్వర్‌కి పంపడం, ఎప్పుడూ ఆ దిశలోనే. నలుగురికి నాలుగు అకౌంట్లు. ప్రచురణ తరవాత పాఠం మారితే రచన చివర ఒక వాక్యం: ఫలానా తేదీన ఫలానా మాట ఇలా మారింది, రచయిత కోరిక మీద లేదా మా నిర్ణయం మీద. ముఖచిత్రం కనపడకపోతే, లింకు చచ్చిపోతే ఎలాగూ ఎవరో ఒకరు చెప్తారు. ఒక అక్షరం మారితే ఎవరూ చెప్పరు, ఎందుకంటే మారిన అక్షరం కూడా అక్షరమే.

రచయితలకీ ఒక మాట. “మా దగ్గర బాగానే కనిపిస్తోంది” అన్న జవాబు వస్తే ఊరుకోవద్దు. మీరు పంపిన మెయిలు దాచుకోండి, మీ ప్రతినీ వాళ్ళ ప్రతినీ పక్కన పెట్టి తేడా చూపించండి, ఏ రోజు మారిందో అడగండి. జవాబు లేకపోతే ఆ సంగతి పదిమందికీ తెలియాలి. పాఠకుడు మీ పేరు కింద చదువుతున్న మాట మీదో కాదో చెప్పాల్సిన బాధ్యత పత్రికది. అడగాల్సిన బాధ్యత మీది.