జుట్టుకు కొలతుంది, గంటలకేదీ?

హైదరాబాద్, విజయవాడ ప్రైవేటు స్కూళ్లలో పదో తరగతి పిల్లలకు ఫ్యాషనంటే యూనిఫాంలో దొరికే సందులే. అబ్బాయిలు చెవుల పక్క జుట్టు గీయించి పైన ఒత్తుగా వదిలేస్తారు. అమ్మాయిలు గేటు దాటాక రిబ్బన్లు విప్పి రెండు జడలను ఒకటి చేసుకుంటారు. ఆ గేటు దాటేసరికే చీకటి పడుతోంది. చివరి బెల్లు తర్వాత స్టడీ అవర్ ఉంటుంది మరి. హాస్టల్ పిల్లలకైతే తెల్లవారుజామున ఒకటి, రాత్రి భోజనాలయ్యాక మరొకటి.

కోచింగ్ సెంటర్లకు కళ్లెం వేయడానికి కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. 16 ఏళ్లు నిండనివారిని చేర్చుకోరాదు. రోజుకు 5 గంటలకు మించి తరగతులు వద్దు. వారానికో సెలవు ఇవ్వాలి, ఆ మర్నాడు పరీక్ష పెట్టకూడదు. కాగితం మీద అంతా బాగానే ఉంది. కానీ తెలుగునాట కోచింగ్ ప్రతిసారీ వేరే బోర్డు తగిలించుకుని రాదు. 'ఐఐటీ ఫౌండేషన్' పేరుతో ఆరో తరగతి టైంటేబుల్‌లోనే చేరిపోతుంది. కోరి ఫీజు కట్టేది తల్లిదండ్రులే కాబట్టి అడిగేవారూ తక్కువే.

నిబంధన కోచింగ్ సెంటర్ గుమ్మం దగ్గరే ఆగింది. కోచింగ్ మాత్రం ఎప్పుడో బడిలోకి నడిచొచ్చింది. పిల్లల జుట్టు పొడవు చూసే పెద్దలు, వాళ్లు పుస్తకం ముందు కూర్చునే గంటలను కూడా లెక్కపెట్టాలి.