మౌత్‌పీసును మైదానమున పరీక్షింపవలెను

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములందు బరాత్ కదలునప్పుడు, డప్పులును డ్రమ్ములును ట్రంపెట్టులును కలిసి లేపు మహాఘోషలో, పాట నడక నెఱిగింపవలసిన క్లారినెట్టు స్వరము నాలుగడుగులు దాటకయే సమసిపోవును. వాద్యము పాతబడినదని నిట్టూర్చి మేళగాడు అప్పు చేసి క్రొత్తది కొనును. నా యభిప్రాయమున దోషము పెక్కుసారులు వాద్యమున లేదు, పెదవుల నడుమనుండు మౌత్‌పీసున నున్నది.

1700 ప్రాంతమున న్యూరెంబర్గులో డెన్నరను వాద్యనిర్మాత క్లారినెట్టును రూపొందించిన నాటినుండియు ఈ వాద్యమునకు ఒంటి రీడే ప్రాణము. రీడు కొనకును మౌత్‌పీసు అంచునకును నడుమ సందు సుమారొక మిల్లీమీటరు. వాండోరెన్ వారి 5ఆర్‌వీ లైరు మౌత్‌పీసులో అది 1.095, బీ45లో 1.195 మిల్లీమీటర్లు, భేదము మిల్లీమీటరులో పదవవంతే యైనను ఊపిరికి కొండంత. సందు పెద్దదైనచో ధ్వని దూరము పోవుననుట సగమే నిజము. మన చెవి 2,000 నుండి 4,000 హెర్ట్జుల నడుమ అతిసూక్ష్మముగా వినును గనుక, ఆ భాగమున తేజస్సు గల నాదమే మోతను చీల్చుకొని వెడలును. డీజే పెట్టెలతో పోటీపడుమనుట నా భావము కాదు; ఆ పోటీలో ఓడుటయే గౌరవము.

ఇంతకంటె చిత్రమైన సంగతి యొకటి కలదు. పై పండ్లు మౌత్‌పీసుపై ఆనియుండుటచే కంపనము ఎముకలగుండా నేరుగా వాదకుని లోచెవిని చేరును; కావున తన నాదము దూరమునకు ఎట్లు వినబడునో తీర్పు చెప్పుటకు అతనికంటె అనర్హుడు లేడు! దుకాణపు ఇరుకుగదిలో రెండు సంగతులూది తృప్తిపడుట ఇందుకే నిష్ప్రయోజనము. సందులు దగ్గరగానున్న మౌత్‌పీసుల కన్నింటికి ఒకే రీడు బిగించి, ఒకే పాటను మంద్రమునుండి తారమునకు దాటించుచు, ప్రక్కన డ్రమ్ము మ్రోగుచుండగా బయట వాయింపవలెను. దాటుచోట కీచుమన్నదానిని విడువవలెను. చెవిగల మిత్రుడొకడు నూరడుగుల దూరమున వీపు త్రిప్పి నిలిచి, ఏది యేదో తెలియకయే ఎన్నుకొనవలెను. అంచు చిట్లిన పాతదానిని, ఎంత ప్రియమైనను, పెట్టెలోనుంచుట మేలు.

జనగామ, మహబూబాబాదు వాదకులకు మౌత్‌పీసులు దొరకు నగరమునకు పోవుటకు రైలైనను గలదు. భూపాలపల్లివారికి అదియు లేదు. పోయినను ఒక్కపూటలో, తిరుగుప్రయాణపు తొందరలో, చేతికందినది కొనివచ్చుటయే. కావున రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖవారు, ముహూర్తములు లేక మేళగాండ్రు తీరికగానుండు ఆషాఢమున, ఈ మూడు జిల్లా కేంద్రములందును పాఠశాల మైదానములలో, పలురకముల మౌత్‌పీసులుంచి ఒక్కొక్క దినము పరీక్షకు అవకాశము కల్పింపవలెనని కోరుచున్నాను.