మధుమేహం: దాహం కలుగకముందే పరీక్ష

వ్యాధి బయటపడిన తరువాతనే వైద్యుని వెదకుట మన సమాజంలో పాతుకొనిపోయిన అలవాటు. మధుమేహం విషయంలో ఈ అలవాటు మిక్కిలి ప్రమాదకరమైనది. పెద్దలలో అతిదాహం, అతిమూత్రం, నీరసం కనిపించే నాటికి వ్యాధి ప్రవేశించి కొన్ని సంవత్సరాలు గడచి ఉండవచ్చును. ఆ మౌనకాలంలోనే కండ్లు, మూత్రపిండాలు, పాదాల నరాలు దెబ్బతినడం ఆరంభమవుతుంది. కనుక లక్షణాలకై వేచి ఉండక పరీక్ష చేయించుకొనవలెననియు, చికిత్స మాత్రం మనిషిని బట్టి ఉండవలెననియు మా అభిప్రాయం.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారు. మరి 13 కోట్లకు పైగా జనులు ఆ వ్యాధి గుమ్మంలో నిలిచి ఉన్నారు. వీరిని వెనుకకు మరల్చుట సాధ్యమే. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన అధ్యయనంలో ఆహార నియమం, వ్యాయామం వలన వ్యాధి వచ్చే అవకాశం 28 శాతం మేరకు తగ్గినది. అయితే తాను గుమ్మంలో ఉన్నానని తెలియనివాడు వెనుకకు మరలుట ఎట్లు?

పరీక్ష కష్టమైనది కాదు. పరగడుపున డెసిలీటరు రక్తంలో చక్కెర 100 నుండి 125 మిల్లీగ్రాముల వరకు ఉంటే అది హెచ్చరిక. 126 గాని అంతకు మించి గాని ఉండి, మరల పరీక్షించినా అట్లే తేలితే మధుమేహమే. 30 ఏండ్లు నిండినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఈ పరీక్ష జరుపుతున్నారు. తల్లిదండ్రులకు వ్యాధి ఉన్నవారు, నడుము లావెక్కినవారు అంతవరకు ఆగరాదు.

ఇక చికిత్స. పసివయస్సులో వచ్చే మధుమేహానికి సాధారణంగా ఇన్సులినే ప్రాణాధారం. 1922లో టొరంటో నగరంలో 14 ఏండ్ల బాలునికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చిన నాటి నుండి ఈ పిల్లలకు బ్రతుకు దక్కినది. పసరు మందులను నమ్మి దానిని మానిపించుట ప్రాణాంతకం. గర్భిణికి తొలి దర్శనంలోను, మరల 24-28 వారాల మధ్యను 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి, రెండు గంటల తరువాత పరీక్ష చేయవలెను. కాన్పు తరువాత కూడా ఆమెను మరువరాదు, ఏలయన ముందు ముందు ఆమెకు మధుమేహం వచ్చే అవకాశం హెచ్చు. బలహీనులైన వృద్ధులలో చక్కెరను మరీ దించితే స్పృహ తప్పి పడిపోయే ప్రమాదమున్నది. వారి యెడల కొంత సడలింపే మేలు.

రంజాన్ ఉపవాసాలు పాటించే రోగులు నెల, రెండు నెలల ముందే వైద్యుని సంప్రదించి మందుల వేళలను, మోతాదులను మార్చుకొనవలెను. ఇన్సులిన్ తీసుకొనేవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. చక్కెర 70 కంటె తగ్గితే వెంటనే రోజా విరమించవలెను. రోగులకు ధర్మం సడలింపునిచ్చియున్నది. వ్రేలి నుండి రక్తం తీసి పరీక్షించుకొనుట వలన రోజా భంగం కాదని పండితులు చెప్పియున్నారు.

"తెలిస్తే దిగులే గదా" అనేవారున్నారు. ఆడపిల్లకు వ్యాధి ఉన్నదంటే సంబంధాలు రావని దాచే తల్లిదండ్రులూ ఉన్నారు. దాచినందువలన వ్యాధి దాగదు, మందు మాత్రమే ఆలస్యమవుతుంది. ఈ బిడియాన్ని పోగొట్టగలవారు చదువుకొన్న యువతీయువకులే.

కావున కళాశాల కమిటీకి మా విన్నపం ఒక్కటే. ప్రతి సంవత్సరం రంజాన్‌కు రెండు నెలల ముందు, ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది సాయంతో, సిబ్బందికిని విద్యార్థుల కుటుంబాలకును కళాశాల ఆవరణలో పరీక్షా శిబిరం జరిపించవలెను. పరీక్షించి వదలివేయుట సగం పనియే. చక్కెర హెచ్చుగా ఉన్నవారి పేర్లు గోప్యంగా వ్రాసి ఉంచి, వారు వైద్యునివద్దకు వెళ్ళినదీ లేనిదీ విచారించవలెను. విద్యార్థి సోదర సోదరీమణులారా, ఆనాడు మీ ఇంటి నుండి ఒక్క పెద్దనైనా వెంటబెట్టుకొని రండు.