ఇంటి కోడలికి సెలవు

2025లో మన రెండు తెలుగు రాష్ట్రాల పాఠశాలలకు ఏప్రిల్ 24 నుండి జూన్ 11 వరకు వేసవి సెలవులు లభించాయి. లెక్కిస్తే 49 దినాలు. ఈ 49 దినాలు పిల్లలకు పూర్తిగా సెలవులే. తండ్రులకు ఉద్యోగం ఇచ్చినన్ని రోజులు సెలవు. తల్లికి మాత్రం పని స్థలం మారుతుంది, పని మారదు. ఇక పిల్లలందరూ వచ్చి చేరే ఆ పెద్ద ఇంటి కోడలి సంగతి సాధారణంగా ఎవరి లెక్కలోకీ రాదు. ఈ నెల ఆ లెక్క గురించే పాఠకులతో ముచ్చటించదలిచాము.

మా పిల్లలకు నానీగారి ఊరు పల్నాడు జిల్లాలోని కారంపూడి. నాగులేరు ఒడ్డున ఉన్న ఊరు. ఆ ఇంట్లో నానా, నానీ, మామూ, ముమానీ, వారి ఇద్దరు పిల్లలు ఉంటారు. హైదరాబాదు నుండి మేము ఐదుగురం వెళితే దస్తర్ఖాన్ చుట్టూ పదకొండు మంది కూర్చుంటాము. ముమానీ పుట్టినిల్లు వినుకొండ. దూరం పెద్దది కాదు. అయినా వరుసగా రెండు వేసవులు ఆమె తన తల్లి దగ్గర నాలుగు రోజులు నిలిచి ఉండలేకపోయారు. ఎవరూ వద్దనలేదు. సెలవులు అందరికీ ఒకేసారి వస్తాయి. ఒక ఇంటి కూతురు పుట్టింటికి వచ్చే వేళకే ఆ ఇంటి కోడలు తన పుట్టింటికి వెళ్ళవలసి ఉంటుంది. "ఆడపడుచు వస్తోంది కదా, తరువాత వెళ్దువులే" అన్న మాట మన ఇళ్ళలో తరతరాలుగా వినిపిస్తున్నదే. ఆ 'తరువాత' వచ్చేసరికి బడులు తెరుస్తారు.

అతిథి మర్యాద గురించి మనవాళ్ళు తరచుగా చెప్పుకుంటారు. అతిథికి మూడు రోజుల ఆతిథ్యం హక్కు అనీ, ఆ పైన పెట్టినది దానం కిందికి వస్తుందనీ దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఆ హదీసులోనే మరొక భాగం ఉంది. ఆతిథ్యమిచ్చేవారికి కష్టం కలిగేంతవరకు అతిథి అక్కడే ఉండిపోరాదు. మొదటి భాగం గృహస్థునికి, రెండవ భాగం అతిథికి. మనం మొదటి భాగాన్ని ఎదుటివారికి గుర్తు చేసినంత సులువుగా రెండవ భాగాన్ని మనకు గుర్తు చేసుకోము.

అందుకే ఈసారి బయలుదేరక ముందే పిల్లల తల్లి తన వదినతో ఫోనులో ఒక ఏర్పాటు చేసుకుంది. మే నెల మూడవ వారంలో మేము వస్తాము. మూడు రోజులు కలిసి ఉంటాము. నాలుగవ రోజు ముమానీ పిల్లలతో వినుకొండ వెళతారు. ఎనిమిది రోజులు ఆ ఇల్లు, నానా మందులు, మేకలు, వంట అన్నీ మేము చూసుకుంటాము. ఆమె తిరిగి వచ్చిన మరుసటి రోజు మేము బయలుదేరుతాము.

ఖర్చు సంగతి కూడా ఆలోచించవలసి వచ్చింది. 2025 మిర్చి రైతులకు కష్టకాలం. ధర ఎంతగా పడిపోయిందంటే, ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. మామూ టిక్కీలు ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయి. అటువంటి ఏడాది అంతమందికి పన్నెండు రోజులు భోజనం పెట్టటం చిన్న విషయం కాదు. డబ్బు చేతిలో పెడితే మామూ నొచ్చుకుంటారు. కనుక మాచర్లలో ఆగి బియ్యం, నూనె, పప్పులు తీసుకున్నాము. ఐదుగురు పిల్లలకూ ఒకే రకం బడి సంచులు, నోటు పుస్తకాలు కొన్నాము. పిల్లలకు తెచ్చిన దానిని ఏ మామూ కాదనలేడు.

అయితే ఈ ఏర్పాటు నానీకి నచ్చలేదు. "కోడలు లేని ఇంట్లో అల్లుడు గిన్నెలు కడిగితే ఊళ్ళో ఏమనుకుంటారు?" అన్నారు. ముమానీ బస్సెక్కిన నాటి నుండి రెండు రోజులు ఆమె మాతో పొడిపొడిగానే మాట్లాడారు. పిల్లల తండ్రి మాత్రం ఉదయాన్నే నాపరాళ్ళ వాకిలి కడిగి, మేకలకు ఆకు వేసి, వంటింట్లో ఉల్లిపాయలు తరిగేవారు. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఉన్నంతసేపు ఇంటివారి పనుల్లో సాయపడేవారనీ, నమాజు వేళ కాగానే లేచి వెళ్ళేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన సంగతి నానీకి తెలియనిది కాదు. తెలిసిన దానిని సొంత అల్లుడు ఆచరిస్తుంటే చూడటం వేరు.

పిల్లల గొడవలు పిల్లలవి. మా పెద్దబ్బాయికి ప్రయాణంలో నమాజు తగ్గుతుందన్న సంగతి బాగా గుర్తుంది. పదిహేను రోజులలోపే ఉంటాము కనుక హనఫీ మతానుసారం జుహ్ర్, అస్ర్, ఇషాలలో నాలుగు రకాతుల ఫర్జ్ రెండే. ఇంట్లో రెండు చదివి సంతోషించాడు. మసీదుకు వెళితే, స్థానిక ఇమాము వెనుక నిలబడిన ప్రయాణికుడు నాలుగూ పూర్తి చేయవలసిందేనని నానా చెప్పారు. "అలాగైతే ఇంట్లోనే చదువుతాను" అన్నాడు. నానా నవ్వి, మగ్రిబ్, ఫజ్ర్ ఎక్కడైనా తగ్గవనీ, తనకు మసీదు దాకా చేయి పట్టుకొని నడిపించే మనిషి కావాలనీ అన్నారు. ఆ తరువాత వాడు ఒక్క పూట కూడా మానలేదు.

తాటి ముంజల పంపకం దగ్గర మాత్రం ఒక సాయంత్రం అన్నదమ్ములిద్దరూ కొట్టుకునేదాకా వెళ్ళారు. అప్పుడు నానా వారిని కూర్చోబెట్టి ఆ ఊరి కథే చెప్పారు. పన్నెండవ శతాబ్దంలో ఈ నాగులేటి ఒడ్డున పల్నాటి యుద్ధం జరిగింది. గురజాలను ఏలిన నలగామరాజు, మాచర్లను ఏలిన మలిదేవుడు పరాయివారు కారు, ఒకే తండ్రి బిడ్డలు. పంపకాల పట్టుదల కోడిపందెం దాకా, పందెం ఓటమి వనవాసం దాకా, అది చివరకు ఇందరు వీరుల మరణం దాకా సాగింది. ఆ వీరుల పేరిట కారంపూడిలో నేటికీ కార్తీక మాసంలో ఐదు రోజులు ఉత్సవం జరుగుతుంది. బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టించిన చాపకూడును ఆ సందర్భంలో ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. "ఒకే చాప మీద తిన్నవాళ్ళు ముంజల కోసం కొట్టుకుంటారా?" అని నానా అడిగితే, చిన్నవాడు తన చేతిలోని ముంజను అన్న పళ్ళెంలో పెట్టాడు. పెద్దది కాదు, చిన్నదే పెట్టాడు. అయినా పెట్టాడు.

ఒక రోజు ఎత్తిపోతల చూసి వచ్చాము. చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తు నుండి దూకే ఆ చోట వేసవి కావటం వలన నీరు పలుచగానే ఉంది. ఆ దారిలోనే సాగర్ గురించి పిల్లలకు చెప్పాము. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయటం, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలటం, కుడి కాలువ నీరు పల్నాటి మెట్ట పొలాలకు చేరటం వంటివి పుస్తకంలో కంటే ఆ గట్టు దగ్గర బాగా అర్థమవుతాయి.

ముమానీ వెళ్ళిన ఐదవ రాత్రి పరీక్ష ఎదురైంది. ఆ ఏడాది రుతుపవనాలు త్వరపడ్డాయి. మే 24నే కేరళను తాకాయి. 2009 తరువాత అంత ముందుగా రావటం అదే మొదలు. ఆ రోజుల్లోనే ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది. నానా చక్కెర వ్యాధి మాత్ర వేసుకొని, ఆకలి లేదని అన్నం వదిలేసి పడుకున్నారు. కొంతసేపటికి చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు. చీకట్లో ఎవరికీ ఏదీ దొరకలేదు. ఫోను చేయగానే ముమానీ స్థిరంగా చెప్పారు: "చక్కెర పడిపోయింది. స్పృహలో ఉన్నారు కదా, ముందు మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. అలమారా కింది అరలో టార్చి, చక్కెర పరీక్ష యంత్రం ఉన్నాయి. పావుగంట ఆగి మళ్ళీ చూడండి. తేరుకోగానే రెండు ముద్దలు అన్నం పెట్టండి." అరగంటలో నానా లేచి కూర్చున్నారు, అల్హమ్దులిల్లాహ్.

"ఉదయం మొదటి బస్సుకు వచ్చేస్తాను" అని ముమానీ అన్నారు. అప్పుడు నానీ ఫోను తీసుకొని, "వద్దమ్మా, నువ్వు రావద్దు. అనుకున్నన్ని రోజులూ మీ అమ్మ దగ్గర ఉండు. ఇక్కడ మేమున్నాం" అన్నారు. ఇన్నేళ్ళుగా ఆ ఇల్లు ఎవరి జ్ఞాపకశక్తి మీద నడుస్తున్నదో ఆ రాత్రి అందరికీ తెలిసింది. మరునాడు నానీ స్వయంగా మందుల పేర్లు, వేళలు, ఫోను నంబర్లు ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయించి వంటింటి తలుపుకు వేలాడదీయించారు. ఒక్క మనిషికే తెలిసినంతకాలం ఆ మనిషికి సెలవు దొరకదని వేరుగా ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

బంధుత్వాలను కలిపి ఉంచటాన్ని మన ధర్మం ఎంతో ముఖ్యమైనదిగా ఎంచింది. అయితే అది ఒకవైపు బంధుత్వానికి మాత్రమే పరిమితం కాదు. మనం మన తల్లిని చూడటానికి వెళ్ళినప్పుడు, ఆ తల్లికి అన్నం వండిపెడుతున్న స్త్రీకి కూడా ఎక్కడో ఒక తల్లి ఎదురుచూస్తూ ఉంటుంది. కనుక పాఠకులకు మా విన్నపం ఇది. వచ్చే సెలవుల తేదీలు తెలియగానే, మీరు ఎప్పుడు వస్తారో చెప్పే ముందు, ఆ ఇంటి కోడలు ఎప్పుడు వెళ్ళదలిచిందో అడగండి. ఆమె చెప్పిన తేదీలను ముందుగా రాసుకొని, మిగిలిన రోజుల్లో మీ ప్రయాణం పెట్టుకోండి. మూడు రోజులకు మించి ఉంటే సరకుల్లో, పనిలో భాగం పంచుకోండి. పెద్దవారి మందుల సంగతి ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసేలా చూడండి. 49 రోజుల్లో ఎనిమిది రోజులు ఆమెకు మిగల్చటం, ఇన్షాఅల్లాహ్, ఏ ఇంటికీ బరువు కాదు.